అట్ట గడియారం

భయం గుండెల్లో ఉంటుందంటారు. మా వీధి వాచీ మెకానిక్‌కి మాత్రం అది గొంతులో ఉండేది.

చేతుల్లో లేదు సుమా. ఆవగింజలో సగం ఉండే స్క్రూని పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, దాని చోట దాన్ని కూర్చోబెట్టే చేతులవి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ వణకలేదు. కానీ బల్లకి అవతలివైపు ఎవరైనా కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని ఒక ప్రశ్న వేస్తే చాలు, ఆయన గొంతు పట్టేసేది. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించి పదమూడో ఎక్కం అప్పజెప్పమన్న రోజున మొదలైన జబ్బు అది. ఆ ఏడే బడి మానేసి మేనమామ దుకాణంలో చేరిపోయాడు. గడియారాలు ప్రశ్నలు వేయవు గనక హాయిగా బతికేశాడు. షాపుకొచ్చినవాళ్ళు ఏమడిగినా ముందు ఆయన నోట వచ్చే మాట ఒకటే, "ఒక్క సెకను." ఆ సెకను ఒక్కోసారి ఐదు నిమిషాలు పట్టేది. దాంతో వీధిలో ఆయన పేరే ఒక్కసెకనుగా స్థిరపడిపోయింది.

అలాంటివాడి నెత్తిన జర్మన్ భాష వచ్చి పడింది.

భార్య నర్సు. ఏడాదిన్నర కింద జర్మన్ మాట్లాడే దేశంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్ళింది. ఆరేళ్ళ కూతుర్ని తల్లి దగ్గరకి పంపడానికి ఏ అడ్డూ లేదు. భర్త వెళ్ళాలంటే మాత్రం ఆ భాషలో మొదటి మెట్టు పరీక్ష పాసై తీరాలని అక్కడి రూలు. మిగతా కాగితాలన్నీ సిద్ధం. ఆ ఒక్క సర్టిఫికెట్టు పెడితే పది రోజుల్లో వీసా అన్నారు. ఆ ఒక్కదాని కోసం ఆయన రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తప్పాడు. రాత పరీక్షలో కాదు, మాట్లాడే పరీక్షలో. మొదటిసారి తన పేరు చెప్పమంటే కూడా చెప్పలేకపోయాడు.

మూడోసారి ఫీజు కట్టిన రోజున భార్య ఫోన్ చేసింది. ఆమెకది మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో దొరికే అరగంట.

"నేనేమీ అననండీ," అంది. "మీరు కంగారుపడతారని అడగడం కూడా మానేశాను. కానీ దానికి ఆరేళ్ళు నిండాయి. ఇక్కడ బళ్ళో వచ్చే నెల చేర్చుకుంటారు. ఈసారి కూడా కాకపోతే దాన్ని అక్కతో పంపించేయండి. మీ సంగతి తర్వాత చూద్దాం."

ఆ తర్వాతకి తేదీ లేదని ఇద్దరికీ తెలుసు. ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద రెండు గడియారాలున్నాయి. ఒకటి ఇంటి గడియారం. రెండోది పిచ్చుక కోసం తగిలించింది, తల్లి ఉన్న చోటి టైము చూపిస్తుంది. పిచ్చుక అంటే కూతురే, క్షణం కుదురుగా ఉండదని ఆ పేరు. ఆ రెండో గడియారాన్ని అందరూ అమ్మ గడియారం అనేవారు. "అమ్మ ఇప్పుడు లేస్తోంది," "అమ్మ ఇప్పుడు బస్సెక్కుతోంది," అని పిచ్చుక దాన్ని చూసి చెబుతూ ఉండేది. ఆ పిల్ల వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనకి మిగిలేది ఆ రెండు గడియారాలేనని ఆయనకి ఆ సాయంత్రం స్పష్టంగా తెలిసింది.

పిల్లతో వెళ్ళాల్సిన ఆ అక్క, అంటే ఆయనకి వదిన, ఆ ఇంట్లోనే ఉంది. భార్య వెళ్ళినప్పటి నుంచీ పిల్లని చూసుకుంటున్నది ఆవిడే. వృత్తి కుట్టుపని, నోరు కత్తెర. మూడు నెలల వీసా ముందే తెప్పించుకుని, చలికని ఒక మందపాటి నీలం కోటు కూడా కుట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక విమానమెక్కడం ఆవిడకిదే మొదలు. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకోవడం ఆయన రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ ఆవిడ గబుక్కున విప్పేసింది.

"మీరు పాసైతే నా విమానం పోయె, తప్పితే మా చెల్లి ప్రాణం పోయె," అనేది. "ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియట్లేదు మరిదిగారూ."

"పాసవ్వాలనే మొక్కండి వదినా," అనేవాడాయన, నవ్వలేక.

విచిత్రమేమిటంటే, ఆయన తప్పుతున్నది జర్మన్ రాక కాదు. ముఖ్యంగా టైము చెప్పే పాఠంలో క్లాసు మొత్తానికి ఆయనే దిక్కు. మనం నాలుగున్నర అనే చోట వాళ్ళు హాల్ప్ ఫ్యున్ఫ్ అంటారు, అంటే ఐదులో సగం. నాలుగు దాటి ఎంతయిందని కాక ఐదు వైపు ఎంత నడిచామని వాళ్ళ లెక్క.

"ఇదేం తిరకాసు సార్, ఇంకా రాని గంటని పట్టుకుని వేలాడ్డమేంటి," అన్నాడు క్లాసులో ఉన్న లారీ డ్రైవరు.

మెకానిక్ లేచి గోడ గడియారం దగ్గరకి తీసుకెళ్ళి చూపించాడు. నాలుగున్నరకి చిన్నముల్లు ఎక్కడుంటుంది? నాలుగుకీ ఐదుకీ నట్టనడుమ. పోతున్నదేమో ఐదు వైపు. ముల్లు చేసేదే వాళ్ళు నోటితో చెబుతున్నారు, అంతే. పావుతక్కువ ఐదు మనకీ ఉన్నదే, వాళ్ళు ఫీర్టెల్ ఫోర్ ఫ్యున్ఫ్ అంటారు. నాలుగూ ఇరవై ఐదైతే సగానికి ఐదు నిమిషాలు తక్కువని, ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ ఫ్యున్ఫ్. గడియారం పక్కన నిలబడితే ఆయన గొంతు అలా ధారాళంగా వచ్చేది. డ్రైవరుకి ఒక్క పూటలో ఒంటబట్టింది.

జర్మన్ మాస్టారు తిరిగి బల్ల వెనక కూర్చుని, "వీ ష్పేట్ ఇస్ట్ ఎస్," అని అడిగారా, అంతే సంగతులు. టైమెంతయింది అని ఆ ప్రశ్నకి అర్థం. కానీ ఉన్న మాటని ఉన్నట్టు విప్పి చూస్తే ఎంత ఆలస్యమైంది అని. మాస్టారు ఒకసారి సరదాకి అలా విప్పి చెప్పారు, చెప్పకపోయినా బాగుండేది. అప్పటి నుంచీ ఆ ప్రశ్న వినగానే మెకానిక్‌కి భార్య వెళ్ళిన రోజు నుంచి లెక్క మొదలయ్యేది.

రెండోసారి తప్పింది ఆ ప్రశ్న దగ్గరే. ఎలాగో పేరూ ఊరూ చెప్పాడు. అప్పుడు పరీక్షలావిడ ఒక అట్ట గడియారం తీసి ముళ్ళు తిప్పి చూపించింది. చిన్నముల్లు సరిగ్గా ఎనిమిది మీద. పెద్దముల్లు సరిగ్గా ఆరు మీద. ఆయన చూస్తూ ఉండిపోయాడు. అలాంటి టైము లోకంలో లేదు. పెద్దముల్లు ఆరు మీదుంటే చిన్నముల్లు రెండంకెల మధ్యన ఉండి తీరాలి. ఇది ఏడున్నరా? ఎనిమిదిన్నరా? మామూలు మనిషి ఏదో ఒకటి అనేసి బయటపడేవాడు. ఈయన మాత్రం ఆ గడియారానికి లోపల ఏ చక్రం పళ్ళు అరిగాయా అని ఆలోచిస్తూ ఉండగానే ఆవిడ మార్కుల కాగితం మూసేసింది.

"అది బొమ్మ గడియారమయ్యా," అన్నారు మాస్టారు తర్వాత, తల పట్టుకుని. "అట్టముక్క మీద రెండు పుల్లలు. చిన్నముల్లు ఏ అంకె మీదుంటే ఆ గంట దాటిందనుకో. ఎనిమిది మీదుంటే ఎనిమిదిన్నర, హాల్ప్ నోయిన్ అని అనేసెయ్. నీ విద్య గుమ్మం బయట వదిలేసి లోపలికి నడు."

మెకానిక్ సరేనన్నాడు. మూడు వారాలపాటు ఇంట్లో అట్ట గడియారం చేసుకుని, ముల్లు తప్పుగా పెట్టి, కళ్ళు చికిలించి మాస్టారు చెప్పినట్టే చెప్పడం నేర్చుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ తెలిసి తెలిసి అబద్ధమాడినట్టు ఒళ్ళు జలదరించేది.

పరీక్ష రోజు మధ్యాహ్నం మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒకమ్మాయి పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బెంచీ మీదున్నవాళ్ళందరూ ఒకేసారి తలెత్తుతున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. లేచి వెళ్ళిపోతే ఏమవుతుందని ఆలోచన వచ్చింది. ఏమీ కాదు, పిల్ల వెళ్ళిపోతుంది. అంతకంటే ఏమీ కాదు. ఆ ఆలోచనతో లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

పిలుపొచ్చింది.

లోపల అదే గది, అదే ఆవిడ, అదే కళ్ళజోడు. పక్కన మార్కులు రాసుకునే కుర్రాయన. పేరు అడిగారు. గొంతులోంచి తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు శబ్దమొచ్చింది, కానీ పేరు బయటపడింది. వయసు, ఊరు, పిల్లలు ఎంతమంది. జవాబుకీ జవాబుకీ మధ్య నిశ్శబ్దాన్ని ఆ కుర్రాయన పెన్ను చివర కొరుకుతూ భరించాడు. ఆ తర్వాత ఆవిడ సొరుగు లాగింది. ఏం తీయబోతోందో ఆయనకి తెలుసు. చెమట కంట్లోకి కారింది.

"వీ ష్పేట్ ఇస్ట్ ఎస్?"

చిన్నముల్లు ఐదు మీద, మేకు దిగ్గొట్టినట్టు. పెద్దముల్లు ఆరు మీద.

జవాబు ఆయనకి వచ్చు. ఐదున్నర అనుకోవాలి. హాల్ప్ జెక్స్. మూడు వారాలుగా దీనికోసమే ఒళ్ళు వంచాడు. నోరు తెరిచాడు. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు, రాలేదు. గదిలో ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కుర్రాయన కొరకడం ఆపి పెన్ను కాగితం మీద ఆనించాడు. అది చూశాక మెకానిక్‌కి నిజంగా భయమేసింది. పిచ్చుక పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడినట్టు కళ్ళకి కట్టింది. ఇక ఏ మాటా రాదని తెలిసిపోయింది.

అప్పుడు చెయ్యి కదిలింది. కదల్చాలని ఆయన అనుకోలేదు. బల్ల మీదుగా చెయ్యి చాచి, ఆవిడ చేతిలోని అట్ట గడియారం చిన్నముల్లుని వేలి కొనతో వెనక్కి జరిపాడు. నాలుగుకీ ఐదుకీ నట్టనడుమ ఆపాడు. ముందుకెందుకు జరపలేదంటే, నాలుగున్నరకి పిచ్చుక బడి వదులుతారు. ఆ టైములో ముల్లు ఎక్కడుంటుందో రోజూ చూసే మనిషి.

"హాల్ప్ ఫ్యున్ఫ్," అన్నాడు.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఏదో అడిగింది. ఎందుకు జరిపావనే అయి ఉంటుంది.

"డీ ఊర్ ఇస్ట్ కపుట్," అన్నాడు. గడియారం చెడిపోయింది. తనకి వచ్చిన భాష అంతా కూడగట్టుకుని తర్వాతి ముక్క కూడా చెప్పాడు. "ఇష్ రెపరీరె." నేను బాగుచేస్తాను. చిన్నముల్లు చూపించి, పెద్దముల్లు చూపించి, నాలుగు, ఐదు, సగం, ఇక్కడ, ఇక్కడ కాదు అంటూ తప్పో ఒప్పో ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాడు. అని, తానేం చేశాడో తెలిసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆవిడ అట్ట గడియారాన్ని ఒకసారి చూసి సొరుగులో పెట్టేసి, థాంక్స్ చెప్పింది. కుర్రాయన ఏదో రాశాడు. మెట్లు దిగుతూ లెక్క చూసుకున్నాడు. అడిగిన జవాబు ఐదున్నర, తాను చెప్పింది నాలుగున్నర. అది చాలదన్నట్టు పరీక్ష సామాను మీద చెయ్యి వేశాడు. ఇక దింపుడు కళ్ళం ఆశ కూడా లేదని నిశ్చయించుకున్నాడు.

ఫలితాలకి వారం. ఆ వారం ఆయన తిన్నాడా అంటే తిన్నాడు, పనిచేశాడా అంటే చేశాడు. బల్ల మీద వాచీలు బాగుపడుతూనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని పాత అలారం గడియారం ఒళ్ళో పెట్టి టైము చూడటం నేర్పడం మొదలుపెట్టాడు.

"అక్కడికెళ్ళాక ఈ చిన్నముల్లు ఇక్కడికొచ్చినప్పుడు నేను ఫోన్ చేస్తాను. హాల్ప్ ఫ్యున్ఫ్. నువ్వు అక్కడే ఉండాలి."

"నువ్వు రావా?"

"పెద్దమ్మ వస్తుందిగా."

"నువ్వు నాన్నా."

"ఒక్క సెకనమ్మా," అన్నాడు, ఎప్పటి అలవాటుతో. కీ తిప్పుతూ కూర్చున్నాడు గానీ ఆ సెకను తర్వాత చెప్పాల్సింది చెప్పలేదు. పిల్ల కాసేపు చూసి, లేచి వెళ్ళి తన పెన్సిళ్ళ డబ్బా సర్దుకుంది. తన భయాన్ని తాను బాగానే దాచుకుంటున్నానని ఆయన నమ్మకం. ఆరేళ్ళ పిల్ల కళ్ళు ఎంత పదునో తండ్రులకి తెలియదు.

ఏడో రోజు పొద్దున్న వదిన టీ గ్లాసు ఇస్తూ గోడకేసి చూపించింది.

"మరిదిగారూ, ఇంటి గడియారం నిన్న ఆదివారం సాయంత్రం నుంచి ఆగిపోయి ఉంది. నేను పొయ్యి ఆర్పడం మరిచిపోయినా కనిపెట్టే మనిషి, మీకు కనిపించలేదా?"

ఆయన తలెత్తాడు. ముళ్ళు నాలుగున్నర దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వీధి చివర గడియారం రెండు నిమిషాలు వెనకబడితే నిద్ర పట్టనివాడు, తన నెత్తిమీది గడియారం ఒక సాయంత్రమూ ఒక రాత్రీ ఆగిపోయినా ఎరగడు. దించి వెనక చూశాడు. లోపల బ్యాటరీ సెల్లు లేదు. పక్కన అమ్మ గడియారం మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

పిచ్చుక నేల చూపులు చూస్తోంది. కింద స్టూలు ఇంకా గోడకి ఆనించే ఉంది.

"నువ్వే తీశావా?"

తలూపింది.

"ఎందుకమ్మా?"

"మన టైము ఆగిపోతే నేనెళ్ళే రోజు రాదుగా."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. ఆయన గడియారం పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. బెంచీ మీద నిలబెట్టిన లెక్కల మాస్టారి నుంచి తనకొచ్చిన భయం, తాను ఒక్క మాటా చెప్పకుండానే ఈ పిల్లకి అందించేశాడు. వారం రోజులుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే భయంతో విడివిడిగా తిరుగుతున్నారు. ఆ సంగతి ఆయన్ని పరీక్ష కంటే ఎక్కువ కుంగదీసింది.

"మరి అమ్మ గడియారం ఎందుకు ఆపలేదు?" అన్నాడు ఎలాగో.

"అమ్మకి డ్యూటీ లేటైపోతుంది కదా."

అప్పుడే ఫోన్ మోగింది. జర్మన్ మాస్టారు. మెకానిక్ దాని వైపు చూస్తున్నాడే గానీ ముట్టుకోవడం లేదు. వదిన తీసి, స్పీకరు పెట్టి నేల మీద ఉంచింది.

"ఏమయ్యా, రిజల్టు చూశావా?" అన్నారు మాస్టారు.

మెకానిక్ గడియారాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నువ్వు చూడవని తెలుసు, అందుకే నేనే చూశాను. అరవై కావాలి, నీకు అరవై రెండొచ్చాయి. వినబడుతోందా? పాసయ్యావు."

"టైము తప్పు చెప్పాను మాస్టారూ," అన్నాడు మెకానిక్. "వాళ్ళ గడియారం ముల్లు కూడా జరిపేశాను."

"ఆ ముక్క నీ నోటితో ఆవిడకి చెప్పావా లేదా? మాట్లాడే పరీక్షలో మాట్లాడావా లేదా అని చూస్తారయ్యా. మొదటి రెండుసార్లూ నువ్వు మాట్లాడలేదు. ఈసారి మాట్లాడావు, వేశారు. ఇవాళే వచ్చి కాగితం తీసుకో."

ఫోన్ ఆగిపోయింది. వదిన లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో నీలం కోటూ కత్తెరా ఉన్నాయి. ఆయన పక్కన కూర్చుని, కోటు భుజాలు ఆయన వీపుకి ఆనించి కొలత చూసింది.

"భుజాల దగ్గర విప్పి కుడితే సరిపోతుంది," అంది. "ఆడ కోటని ఎవరికీ చెప్పను లెండి."

"వదినా..."

"ఊరుకోండి. నాకెలాగూ ఎత్తంటే భయం." అని వేలితో కుట్టు దారం తడిమింది గానీ వెంటనే కత్తిరించలేదు.

పిచ్చుక ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది. "అంటే నువ్వు కూడా వస్తావా?"

"వస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల వెళ్ళి పెన్సిళ్ళ డబ్బా తెచ్చింది. మూత తీసి రబ్బరు కింద దాచిన సెల్లు బయటకి తీసింది. ఆయన చెయ్యి చాపితే ఇవ్వలేదు, గుప్పిట మూసుకుంది.

"ముందు టైమెంతో చెప్పు. అమ్మ భాషలో."

ఆయన మణికట్టు చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై ఐదు.

"ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ త్సేన్," అన్నాడు. ఎక్కడా తట్టుకోకుండా వచ్చేసింది.

పిచ్చుక సెల్లు ఆయన అరచేతిలో పెట్టింది. గడియారం బోర్లించి గూట్లో పెట్టబోయాడు. వేళ్ళు వణుకుతున్నాయి. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. సెల్లు జారి నేల మీద దొర్లింది, తీసి మళ్ళీ పెట్టబోతే మళ్ళీ జారింది.

"నాన్నా, తొందరగా," అంది పిల్ల. "మనకి లేటైపోతోంది."

"ఒక్క సెకనమ్మా," అన్నాడు ఒక్కసెకను. సెల్లు గూట్లో కూర్చోవడానికి చాలాసేపే పట్టింది.